ఓపీ చీటీ మీద పెత్తనం ఎవరిది?

(జడ్చర్లలో ఇచ్చిన స్మారక ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసానికి నిధి ఏర్పాటు చేసిన కుటుంబం నాకు ఒకే షరతు పెట్టింది. కీర్తిశేషులైన డాక్టరు గారిని పొగడొద్దన్నారు, ఆయన పేరు ఒక్కసారికి మించి పలకొద్దన్నారు. ఆయన చేసిన పని గురించి మాట్లాడితే చాలన్నారు. పేరు నా వెనక బ్యానరు మీద ఎలాగూ ఉంది, కాబట్టి ఆ ఒక్కసారి కూడా వాడుకోను. ఇక ఆయన చేసిన పని ఓపీ చూడటం. పెద్ద ఆపరేషన్లు కాదు, పత్రికల్లో ఫోటోలు పడే వైద్యం కాదు. పొద్దున వరుసలో నిలబడ్డవాళ్లను సాయంత్రానికి చూసి పంపడం. అందుకే నేనూ ఓపీ గది దాటి బయటికి పోను. ఆ గదిలోకి ఇప్పుడు కంప్యూటరు వచ్చి కూర్చుంది. దాన్ని ఎవరు నడపాలన్నదే ఈవేళ నా విషయం.

ముందుగా ఒక నిబంధన. వైద్యుల వృత్తి ధర్మం మీద భారత వైద్య మండలి 2002లో నియమావళి తెచ్చింది. దవాఖానలో చేరిన రోగి రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు వైద్యుడు దాచాలని అందులో ఉంది. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ ఉంది. జాగ్రత్తగా వినండి, దాచాల్సింది చేరిన రోగి రికార్డు. నడిచొచ్చి, చీటీ రాయించుకుని, సూది వేయించుకుని నడిచెళ్లిపోయిన మనిషి ఆ వాక్యంలో లేడు. జబ్బంటే ముదిరి మంచమెక్కేది, నయమై దిగేది అనుకున్న కాలపు ఆలోచన అది. ఇప్పుడు మన ఓపీ వరుసలో ఉన్నవి షుగరు, బీపీ, మూర్ఛ, ఆస్తమా, థైరాయిడ్, టీబీ. వీటిలో ఏదీ ఒక్కపూట జబ్బు కాదు. పోయినసారి ఏం జరిగిందో తెలియకుండా ఈసారి చేసే వైద్యం సగం ఊహే.

జడ్చర్లలో ఈ లోటు ఇంకా పెద్దది. 44వ జాతీయ రహదారి, రాయచూరు దారి కలిసేది ఇక్కడే. కాచిగూడ నుంచి కర్నూలు పోయే రైలు ఇక్కడ ఆగుతుంది. బాదేపల్లి మార్కెట్‌కు ధాన్యం తెచ్చే రైతు ఇక్కడే డాక్టరుకు చూపించుకుంటాడు. పోలేపల్లి సెజ్‌లో పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాడూ అదే బెంచీ మీద కూర్చుంటాడు. వీళ్లందరికంటే ఎక్కువగా తలుచుకోవాల్సింది వలస పోయేవాళ్లను. పాలమూరు లేబర్ అన్న పేరుతో ఆనకట్టలు కట్టడానికి, రోడ్లు వేయడానికి దేశమంతా తిరిగిన జనం వీళ్లు. బొంబాయి, పుణె పనులకు పోయి పండగకో, నాట్లకో తిరిగొచ్చే మనిషి ఓపీలో ఇలా మాట్లాడతాడు:

"షుగరుకు ఏం గోలీలు వాడుతున్నవ్?"

"తెల్లయి సారూ. పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి."

"చీటీ ఏది?"

"బొంబాయిల ఉండిపాయె."

తెల్ల గోలీ అంటే మెట్‌ఫార్మిన్ కావచ్చు, గ్లిమెపిరైడ్‌తో కలిసిన గోలీ కావచ్చు, బీపీ గోలీ కూడా కావచ్చు. డాక్టరు ఏదో ఒకటి అనుకుని రాస్తాడు. ఇదే ఊరి పొలిమేరలో ఉన్న పోలేపల్లి ఫ్యాక్టరీల్లో తయారయ్యే ప్రతి గోలీకి బ్యాచ్ నంబరుంది, తయారైన తేదీ ఉంది, గడువు తేదీ ఉంది. ఏ ముడిసరుకు ఏ రోజు కలిపారో, ఎవరు తూకం వేశారో, ఎవరు సంతకం పెట్టారో కాగితం మీద ఉంటుంది. విదేశీ ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే క్షణాల్లో తీసి చూపించాలి. గోలీ ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది అన్న చరిత్ర అంత పకడ్బందీగా ఉంది. దాన్ని మింగే మనిషి చరిత్ర మాత్రం ఒక క్యారీబ్యాగులో, మడతలు పడిన చీటీల్లో, సగం చెరిగిన సిరాలో ఉంటుంది.

కంప్యూటర్లు లేక ఇలా జరుగుతోందని అనుకోకండి. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ముందుగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. తెల్ల రేషన్ కార్డున్న కూలీ మనిషి కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి. ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ ఆరోగ్యమిత్ర ముందున్న కంప్యూటరు ఏ ప్రశ్న కోసం పుట్టిందో చూడండి. ఈ రోగికి ఏ ప్యాకేజీ వర్తిస్తుంది, ముందస్తు అనుమతి వచ్చిందా, క్లెయిము ఎంత. మన జిల్లా వైద్యంలోకి కంప్యూటరు చెల్లింపుల ద్వారం గుండా వచ్చింది, ఆ ద్వారం దగ్గరే ఆగిపోయింది. ఆపరేషన్ అయిన మనిషి ఇంటికొచ్చాక నెలనెలా మందులు వాడుతున్నాడా అని అడగడం దానికి ఎవరూ నేర్పలేదు.

తర్వాత వచ్చినవీ ఇంచుమించు ఇంతే. టీబీకి 2012లో నిక్షయ్ అనే పోర్టల్ వచ్చింది. గర్భిణులకు ఒక పోర్టల్, బీపీ షుగర్లకు ఇంకో యాప్, దూర వైద్యానికి ఈ-సంజీవని. 2018లో హైదరాబాదులో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ జిల్లాలకూ విస్తరించి, రక్త పరీక్షల ఫలితం ఫోనుకు పంపుతోంది. ఆ ఫోను చాలాసార్లు పట్నంలో ఉన్న కొడుకుదని పంపేవాళ్లకు తెలియదు. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా 14 అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరు ఇవ్వడం మొదలుపెట్టింది, ఇప్పుడు దాన్ని ఆభా అంటున్నాం. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో 18 ఏళ్లు నిండినవాళ్లందరి ఆరోగ్య వివరాలు సేకరించే హెల్త్ ప్రొఫైల్ పథకాన్ని ప్రయోగంగా మొదలుపెట్టారు. వేటికవి మంచి ఉద్దేశంతో వచ్చినవే. అయితే ప్రతిదాని వెనకా లెక్క కావాలన్న ఒక అధికారి ఉన్నాడు. రెండోసారి వచ్చిన రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకున్న డాక్టరు దేని వెనకా కనిపించడు. ఒక్కరోజు ఇంటికొచ్చి తీసిన బీపీ ఆ రోజు సంగతి చెబుతుంది. ఓపీకి కావాల్సింది ఆ మనిషి బీపీ ఆరు నెలలుగా ఎటు పోతోందన్న సంగతి. షుగరున్న మనిషికి టీబీ వస్తే అతను రెండు యాప్‌లలో ఇద్దరు మనుషులవుతాడు. ఆ ఇద్దరినీ కలపాల్సిన పని రిజిస్టర్లు, ట్యాబ్, ఆశాల కాగితాలు అన్నీ మోసే ఏఎన్ఎం మీదే పడుతుంది. ఆమె కలపలేకపోతే నెలవారీ సమీక్షలో చీవాట్లూ ఆమెకే.

డాక్టరు దగ్గర ఎంత సమయం ఉంటుందో కూడా చూద్దాం. ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి డాక్టరు ఇచ్చే సమయాన్ని దేశాలవారీగా పోల్చిన పరిశోధన ఒకటి 2017లో వచ్చింది. స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో సుమారు 2 నిమిషాలు. రెండు నిమిషాలంటే 120 సెకన్లు. తెర మీద 12 గడులు పెట్టి ఒక్కోదానికి 10 సెకన్లు వేసుకోండి, సమయం అయిపోయింది. రోగి ముఖం చూడటానికి ఒక్క సెకను మిగల్లేదు. నేను పనిచేసిన ఒక దవాఖానలో ఓపీ సాఫ్ట్‌వేరు తండ్రి పేరు, వృత్తి, కులం, ఆధార్ నింపితే గానీ మందుల పేజీ తెరిచేది కాదు. ఆ గడులు ఎవరికి కావాలని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. తీసేయమంటే మాత్రం ఎవరికీ అధికారం లేదన్నారు.

నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది. ఆరోగ్య సమాచార వ్యవస్థకు వైద్యుడు నాయకత్వం వహించాలని సభల్లో ఊరికే అంటుంటాం. కంప్యూటరు మీద మోజున్న డాక్టరును కమిటీలో వేసి, ప్రారంభోత్సవంలో కత్తెర చేతికివ్వడం నాయకత్వం కాదు. ఏ గడి ఉండాలో, ముఖ్యంగా ఏ గడి తీసేయాలో చెప్పగల అధికారం రోగిని చూసే మనిషి చేతిలో ఉండటమే నాయకత్వం. ఇదేం కొత్త సిద్ధాంతం కాదు. ఎక్కడ బాగా నడిచిందో చూస్తే అన్నిచోట్లా ఇదే కనబడుతుంది. కంప్యూటరు లేనిచోట కూడా.

టీబీ కార్డునే తీసుకోండి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ మీది శానిటోరియం మీకు తెలిసిందే. టీబీ అంటే నెలల తరబడి మంచం, చల్లగాలి, గుడ్లు, పాలు అనుకున్న రోజులవి. మద్రాసులో వాలెస్ ఫాక్స్ బృందం శానిటోరియంలో పెట్టిన రోగులను, ఇంట్లోనే ఉండి మందులు మింగిన పేద రోగులను పోల్చి చూసి 1959లో ఫలితాలు ప్రకటించింది. ఇంటి వైద్యం ఏమాత్రం తీసిపోలేదు. ఆ దెబ్బతో టీబీ వైద్యం మంచం దిగి ఓపీలోకి వచ్చింది. అప్పుడొక కొత్త చిక్కు పుట్టింది. శానిటోరియంలో రోగి గోడల మధ్య ఉంటాడు, మందు మింగాడో లేదో కళ్లతో చూస్తాం. ఓపీ రోగి తలుపు దాటాక మన ప్రపంచంలో లేడు. రాకపోతే రాలేదని కూడా మనకు తెలియదు, ఎందుకంటే రాని మనిషి వరుసలో నిలబడడు కదా.

దీనికి దారి చూపింది కారెల్ స్టిబ్లో అనే వైద్యుడు. చెక్ దేశస్థుడు, తర్వాత నెదర్లాండ్స్‌లో స్థిరపడ్డాడు. 1970ల చివర్లో టాంజానియాలో ఆయన నెలకొల్పిన పద్ధతికి యంత్రాలు అక్కర్లేదు. ఒక్కో రోగికి ఒక కార్డు, జిల్లాకు ఒక రిజిస్టరు. ఒక మూడు నెలల్లో మందులు మొదలుపెట్టిన వాళ్లందరినీ ఒక జట్టు కట్టి, చికిత్స గడువు ముగిశాక ఆ జట్టులో ప్రతి ఒక్కరూ ఏమయ్యారో రాయాలి. నయమైంది, పూర్తి చేశాడు, చనిపోయాడు, మధ్యలో మానేశాడు, వేరే చోటికి పంపాం. ఇలాంటి మాటల్లో ఏదో ఒకటి ప్రతి పేరు పక్కనా పడాల్సిందే, ఖాళీ వదలకూడదు. ఆ రిజిస్టరు గొప్పతనమంతా ఆ 'మధ్యలో మానేశాడు' అన్న కాలమ్‌లోనే ఉందని నా అభిప్రాయం. దవాఖానకు రాని మనిషికి దవాఖాన కాగితంలో చోటిచ్చిన కాలమ్ అది. మన దేశం 1993లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన సవరించిన టీబీ కార్యక్రమం ఈ పద్ధతినే తీసుకుంది. ప్రైవేటు డాక్టర్లు ఇలాంటి రికార్డులకు ఒప్పుకోరని అంటారు. మన హైదరాబాదులోనే మహావీర్ ఆసుపత్రిలో డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి 1995 నుంచి చుట్టుపక్కల ప్రైవేటు డాక్టర్లను కలుపుకొని ఇదే కార్డు, ఇదే రిజిస్టరు నడిపించారు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి ఉదాహరణగా ప్రపంచమంతా దాన్ని చెప్పుకుంది.

కార్డు గీసింది వైద్యుడు కాబట్టి అందులో వైద్యుడికి అక్కర్లేనిది లేదు. దాన్నే కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మనం ఎన్ని గడులు కలిపామో లెక్కపెట్టే పని క్షయ విభాగంలో పనిచేసే మిత్రులకు వదిలేస్తున్నాను.

ఇప్పుడు కళ్ల దగ్గరికి వస్తాను. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో రోచెస్టర్ నుంచి తిరిగొచ్చి హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుంచి పనిచేస్తోంది. దాని ఏర్పాటు అంచెలంచెలుగా ఉంటుంది. పల్లెలో కంటి పరీక్ష కేంద్రం, దాని పైన చిన్న ఆపరేషన్ల ఆసుపత్రి, ఆ పైన పెద్దాసుపత్రి. మన నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలో ఉన్నది ఆ రెండో అంచె ఆసుపత్రే. ఇంకా వెనక్కి పోతే, 1996 నుంచి 2000 దాకా ఆ సంస్థ అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో నాలుగు చోట్ల 10,000 మందికి పైగా జనాన్ని పరీక్షించి అంధత్వాన్ని లెక్కగట్టింది. ఆ నాలుగింటిలో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఎక్కడ ఎంతమందికి చూపు లేదో తెలిశాకే ఎక్కడ ఏ అంచె కట్టాలో తేలుతుందన్న పట్టింపు వాళ్లది. నాకు నచ్చింది ఆ పట్టింపే.

ఆ సంస్థ 2010 ఆగస్టు నుంచి ఐస్మార్ట్ అనే సొంత ఎలక్ట్రానిక్ రికార్డును వాడుతోంది. బయట కొన్నది కాదు, లోపలే తయారు చేసుకున్నది. ముందుండి నడిపించింది ఆంథొనీ విపిన్ దాస్ అనే కంటి డాక్టరు. కంటి డాక్టరన్న మాట నొక్కి చెబుతున్నాను. కుడి కన్ను, ఎడమ కన్ను, చూపు, ఒత్తిడి, కంటిపాప, కటకం, రెటీనా అన్నవి ఏ వరుసలో చూస్తారో ఆ వరుసలో తెర రావాలి. ఈ సంగతి రోజూ ఆ వరుసలో చూసే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 ఆగస్టు నాటికి, ఎనిమిదేళ్లలో, 22 లక్షల మందికి పైగా రోగులు, 47 లక్షలకు పైగా సందర్శనలు ఆ రికార్డులోకి ఎక్కాయి. ఆ సంఖ్యల కంటే నాకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఆ రికార్డు నుంచి ఆ డాక్టర్లే తమ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుని వ్యాసాలు రాశారు. ఏ జబ్బు ఏ వయసువాళ్లకు వస్తోంది, ఏ ప్రాంతం నుంచి వస్తున్నారు అని. తను రాసింది తనకే తిరిగి పనికొస్తుందని తెలిసిన డాక్టరు గడి నింపడానికి బద్ధకించడు.

అయితే ఒక తేడా ఒప్పుకోవాలి. కన్ను కొలతకు లొంగుతుంది. సాధారణ ఓపీ లొంగదు. "కడుపుల మంట, కాళ్లు గుంజుతున్నయ్, నిద్ర పడ్తలేదు, మనుమడు మాట వింటలేడు" అని ఒకే గుక్కలో చెప్పే అవ్వను ఏ గడిలో పెడతారు? ఐస్మార్ట్‌ను తెచ్చి మన ఏరియా ఆసుపత్రిలో పెట్టేస్తే సరిపోదు. తీసుకోవాల్సింది ఆ సాఫ్ట్‌వేరును కాదు, అది తయారైన తీరును.

సాధారణ ఓపీకి దగ్గరగా ఉండే కథ అమెరికాలో ఇండియానాపొలిస్‌ది. క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు 1970ల మొదట్లో అక్కడి షుగరు క్లినిక్‌లో కంప్యూటరు రికార్డు మొదలుపెట్టాడు. డాక్టరు ముందు తెర పెట్టలేదు. రోగి వచ్చేముందు కంప్యూటరు ఒక కాగితం అచ్చుకొట్టి ఫైలుకు జతచేసేది: ఈ మందు వాడుతున్న మనిషికి ఈ పరీక్ష చేసి చాలా రోజులైంది, చూడండి అని. 1976లో ఆయన ఫలితాలు ప్రచురించాడు. గుర్తుచేసిన సందర్భాల్లో 51 శాతం సార్లు డాక్టర్లు చేయాల్సింది చేశారు. గుర్తుచేయనప్పుడు 22 శాతం సార్లే. తెలియక కాదు, రద్దీలో మరిచిపోయి. తమ వృత్తివాళ్లు మరిచిపోతారని రుజువు చేయడానికి ఒక డాక్టరే కావాల్సి వచ్చింది. ఇదే మాట ఇంకెవరన్నా అని ఉంటే డాక్టర్ల సంఘాలు ఊరుకునేవి కావేమో.

ఆ ఇండియానా బృందమే 2001లో కెన్యాలోని మోసోరియొట్ అనే పల్లె ఆసుపత్రిలో చిన్న రికార్డు వ్యవస్థ పెట్టింది. ఆ అనుభవంతోనే 2004లో ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే రికార్డు సాఫ్ట్‌వేరు పుట్టింది. డాక్టర్లే మొదలుపెట్టారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాని మీద కట్టిన బహ్మ్ని అనే సాఫ్ట్‌వేరు మన దేశంలో ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. ఢిల్లీ ఎయిమ్స్ వదిలొచ్చిన డాక్టర్లు పల్లె జనం కోసం పెట్టుకున్న జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అది. గనియారి జనానికీ మన అమ్రాబాద్ జనానికీ పోలికలున్నాయి. అడవి అంచు, దూరాభారం, కూలి పోతుందన్న బెంగ.

గడులు తీసేసే అధికారానికి ఇటీవలి మంచి ఉదాహరణ బీపీది. 2017 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రిజాల్వ్ టు సేవ్ లైవ్స్ అనే సంస్థ కలిసి అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని ఐదు రాష్ట్రాల్లో మొదలుపెట్టాయి. తెలంగాణ వాటిలో ఒకటి. దాన్ని నడిపించినవాళ్లలో వైద్యులు ముందు వరుసలో ఉన్నారు, అప్పట్లో చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో ఉన్న డాక్టర్ ప్రభ్‌దీప్ కౌర్ లాంటివాళ్లు. కొన్ని రాష్ట్రాల్లో వాళ్లు వాడిన యాప్ పేరు సింపుల్. రెండోసారి వచ్చిన రోగికి అది అడిగేవి ముఖ్యంగా మూడు సంగతులు: ఈవేళ బీపీ ఎంత, ఏ మందులు, మళ్లీ ఎప్పుడు రావాలి. నర్సు చేతిలో నిమిషం కూడా పట్టదు. అడిగింది ఇంత కొంచెమే కాబట్టే, గడువు దాటినా రాని వాళ్ల జాబితా దానంతట అదే తయారై నర్సు ముందుకొస్తుంది. ఆమె ఫోను చేస్తుంది. స్టిబ్లో రిజిస్టరులోని ఆ కాలమే ఇక్కడ ఫోను నంబరుతో సహా వచ్చింది.

పగ్గాలు డాక్టర్ల చేతిలో లేనిచోట ఏమైందో కూడా పోల్చి చూడాలి. ఇంగ్లండులో యార్క్‌షైర్ పల్లె ఎగ్టన్‌లో ఇద్దరు డాక్టర్లు, పీటర్ సవర్బీ, డేవిడ్ స్టేబుల్స్, తమ క్లినిక్ అవసరానికి రాసుకున్న ప్రోగ్రాము 1987లో ఈమిస్ అనే సంస్థ అయింది. తర్వాత ఆ దేశపు క్లినిక్‌లలో చాలా చోట్లకు పాకింది. అదే దేశంలో 2002లో ప్రభుత్వం పైనుంచి దించిన జాతీయ కార్యక్రమం వందల కోట్ల పౌండ్లు మింగింది, 2011లో దాన్ని విడగొట్టేశామని ప్రభుత్వమే ప్రకటించింది. అమెరికాలో 2009 చట్టం డాక్టర్లకు డబ్బిచ్చి మరీ కంప్యూటరు రికార్డులు పెట్టించింది. ఏం రాయాలన్నది బిల్లులు, నిబంధనలు తేల్చాయి. రోగితో గడిపే ప్రతి గంటకూ డాక్టర్లు దాదాపు 2 గంటలు రికార్డుకు, బల్ల పనికి పెడుతున్నారని 2016లో ఒక అధ్యయనం చెప్పింది. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి పోయి అక్కడ ప్రాక్టీసు చేస్తున్న మనవాళ్లను అడిగి చూడండి, పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ తెరిచి ఆ రోజు నోట్సు పూర్తిచేసే ముచ్చట వాళ్లే చెబుతారు. ఒక పాఠం మాత్రం అక్కడ నేర్చారు: 2013 నుంచి వైద్య సమాచార శాస్త్రాన్ని డాక్టర్లకు ఒక ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించి పరీక్ష పెట్టి పట్టా ఇస్తున్నారు. కార్డియాలజిస్టు ఉన్నట్టే రికార్డు సంగతి చూసే డాక్టరూ ఉండాలని ఒప్పుకోవడం అది.

మన డాక్టర్ల తప్పులు కూడా మాట్లాడుకుందాం, ఇక్కడ ఉన్నది ఎక్కువగా మనవాళ్లే. మనలో చాలామంది రికార్డును ఇష్టపడకపోవడానికి కారణం సమయం లేకపోవడం ఒక్కటే కాదు. రాసింది ఉంటే అడిగేవాళ్లు ఉంటారు. ఏ మందు ఎందుకు రాశావని, ఆ సెలైన్ ఎందుకు ఎక్కించావని, ఆ పరీక్ష ఏ ల్యాబుకు పంపావని. మందులు జెనరిక్ పేరుతో, చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లోనే వైద్య మండలి సవరణ తెచ్చింది. ఎంతమందిమి పాటిస్తున్నామో మెడికల్ షాపు పిల్లగాడికి తెలుసు. ఇంకో తప్పు, అధికారం చేతికొస్తే మనమూ గడులు కలుపుతాం. ఫిజిషియన్‌కు తన గడి, స్కిన్ డాక్టరుకు తన గడి, అధ్యాపకుడికి థీసిస్ కోసం పది గడులు. కాబట్టి కొట్టేసే అధికారం డాక్టరుకు ఇవ్వాలంటున్నప్పుడు, కలపాలంటే మాత్రం నర్సునూ, ఏఎన్ఎంనూ అడిగి తీరాలన్న కట్టుబాటు కూడా పెట్టాలంటాను. రాసేది వాళ్లు. ఎక్కడ ఆగిపోతుందో వాళ్లకే తెలుసు.

గోప్యత సంగతి ఇంకా పెద్దది. చిన్న ఊళ్లో కంప్యూటరు ఆపరేటరు ఎవరికో ఒకరికి బావో, మేనల్లుడో అవుతాడు. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల టీబీ మందులు వాడిందన్న ముచ్చట, లారీ డ్రైవరు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్న ముచ్చట తెర మీద అందరికీ కనబడేలా ఉంటే, జనం దవాఖానకు రావడమే మానేస్తారు. హెచ్‌ఐవీ వివరాలకు 2017 చట్టం ఉంది, వ్యక్తిగత సమాచారానికి 2023 చట్టం ఉంది. చట్టం ఎంత ఉన్నా, ఏ తెర ఎవరికి తెరుచుకోవాలో తేల్చేది ఓపీ గదిలోని మనిషే కావాలి. దానికి సంతకం పెట్టేదీ బాధ్యత మోసేదీ అతనే.

ఇక మన ఊరు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో వచ్చింది, నాగర్‌కర్నూల్, వనపర్తి కళాశాలలు 2022లో వచ్చాయి. అంతకుముందు నుంచే ఎస్వీఎస్ వైద్య కళాశాల ఉంది. కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు, ఇంటర్న్‌లు, పోస్టింగులు అన్నీ ఉన్నాయి. మొదలుపెట్టాల్సింది సాఫ్ట్‌వేరుతో కాదు, కాగితం చీటీతో. జడ్చర్ల దవాఖాన, చుట్టుపక్కల పీహెచ్‌సీలు, ఒప్పుకున్న నాలుగైదు ప్రైవేటు క్లినిక్‌లు కలిసి ఒకే చీటీ వాడాలి. జబ్బు పేరు, ఈవేళ కొలత, జెనరిక్ పేరుతో మందులు, పడని మందు, మళ్లీ రావాల్సిన తేదీ ఉండాలి. మన జిల్లాకు ప్రత్యేకంగా ఇంకొక గడి ఉండాలి. రాబోయే మూడు నెలలు మనిషి ఎక్కడ ఉంటాడన్నది. పుణె అని చెబితే మూడు నెలల మందులు ఇవ్వాలా, అక్కడి దవాఖాన పేరు రాసివ్వాలా అన్నది అప్పుడే తేలుతుంది. ఈ చీటీ నిలబడ్డాకే దాన్ని కంప్యూటరులోకి తీసుకుపోవాలి. కాగితం మీద నిలవని గడి తెర మీదా నిలవదు. నెట్ పోయినరోజు, సర్వర్ డౌన్ అన్నరోజు ఓపీ నడిచేదీ ఈ కాగితం మీదే.

దీనికి ఒక డాక్టరుకు వారంలో సగం రోజు ఓపీ తగ్గించి ఈ పని అప్పగించాలి. నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా. గడి తీసేయాలంటే ఆ డాక్టరు సంతకం చాలునని ఉత్తర్వులో రాయాలి. ప్రతి నెలా ఆ డాక్టరు సమీక్షలో ముందుగా చదవాల్సింది ఎంతమందిని చూశామన్న లెక్క కాదు. రావాల్సి ఉండి రానివాళ్ల జాబితా చదవాలి. పేర్లు బహిరంగంగా చదవనక్కర్లేదు, ఊళ్లవారీగా చాలు. బాలానగర్ వైపు ఎంతమంది, మిడ్జిల్ వైపు ఎంతమంది, వలస పోయినవాళ్లు ఎంతమంది.

అడ్డు ఎక్కడొస్తుందో నాకు తెలుసు. ఆ సగం రోజు ఓపీ ఎవరు చూస్తారంటారు, ఆ సగం రోజు జీతం ఏ పద్దు కింద రాయాలంటారు. ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంది, పరీక్షకు రేటు ఉంది, చీటీలోంచి ఒక గడి తీసేసినందుకు ఎక్కడా పద్దు లేదు. సూపరింటెండెంటు గారు, జిల్లా వైద్యాధికారి గారు ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు కాబట్టి ఆ ప్రశ్న వాళ్ల ముందే పెడుతున్నాను. ఇక మీరు అడగదలచుకున్నవి అడగండి, వింటాను.